నెలకు 75 గ్రాములు

మెట్టినింటి నుంచి మొదటిసారి పుట్టింటికి వచ్చిన ఆడపిల్లను గుమ్మంలో చూడగానే మన పెద్దలు అనే మాట ఒకటుంది: "ఒళ్లు చేసింది." ఆ మాటలో నింద లేదు. అత్తవారింట్లో అన్నానికి లోటు లేదనీ, మనసుకు కష్టం లేదనీ, మొత్తం మీద పిల్ల సుఖంగా ఉందనీ ఆ రెండు మాటల్లోనే తల్లికి తెలిసిపోతుంది. మా ఇళ్లలో ఉర్దూలో అయితే "సేహత్ బన్ గయీ" అంటారు. ఆరోగ్యానికీ లావుకూ ఒకే మాట సరిపోయిన తరం అది. జొన్నలు కూడా కొలుచుకుని వండుకున్న కరువు రోజులు చూసినవారు. వాళ్ల దృష్టిలో ఒంటిమీదికి చేరిన ప్రతి కిలో ఒక ధైర్యం. వారిని తప్పుపట్టే హక్కు మనకు లేదు.

అయితే ఆ మాట ఎన్నేళ్లపాటు నిజంగా ఉంటుంది? ఇరవై ఏళ్లకు ఒళ్లు చేసిన మనిషి ముప్పైకి, నలభైకి, యాభైకి కూడా ఆగకుండా చేస్తూనే పోతే దాన్ని ఏమనాలి? ఈ ప్రశ్నను నేను వైద్యురాలిగా అడగడం లేదు. మొయినాబాద్‌లో ఒక ప్రైవేటు పాఠశాలలో ఇరవై ఏళ్లుగా పిల్లలకు లెక్కలు చెబుతున్నదాన్ని. నాకు చేతనైనది కూడికలు, తీసివేతలు, భాగహారాలు. వాటితోనే ఈ విషయాన్ని చూస్తాను.

1998లో నా నికాహ్ నాటికి నా బరువు 47 కిలోలు. ఇంత కచ్చితంగా ఎలా తెలుసంటే, పెళ్లికి వారం ముందు చేవెళ్ల మార్కెట్‌లో కూరగాయల బస్తాలు తూచే కాటా మీద భాయీజాన్ నన్ను వేళాకోళానికి నిలబెట్టారు. "క్యారెట్ బస్తా కంటే తక్కువే తూగింది మా చెల్లెలు" అని ఊరంతా చెప్పుకొని నవ్వారు. తరువాతి లెక్కలు గర్భవతులకు ఇచ్చే కార్డుల్లో ఉన్నాయి. 2001లో పెద్దమ్మాయి కడుపులో ఉన్నప్పుడు మూడో నెలలో 50. 2004లో చిన్నవాడు పుట్టిన ఏడాదికి 56. ఆ తరువాత పదేళ్లు నన్ను ఎవరూ తూచలేదు. మన ఆడవాళ్ల బరువు కాన్పులప్పుడు తప్ప ఎవరికీ అవసరం పడదు.

ఆ ఖాళీని పూరించినవారు మా దర్జీ చిచ్చా. చేవెళ్లలో ముప్పై ఏళ్లకు పైగా మా ఇంటి ఆడవాళ్ల బట్టలు కుట్టిన ఆయన దగ్గర పాత కొలతల పుస్తకాలు దారంతో కట్టిన కట్టలుగా ఉన్నాయి. కొన్నింటిని చెదలు తినేశాయి. ఉన్నవాటిలో నా పేరు వెతికి, ఉర్దూ అంకెల్లో రాసుకున్న నడుము కొలతలు చదివి వినిపించారు: 1998లో 26 అంగుళాలు, 2006లో 32, 2015లో 36. ఈ ఏడాది ఈద్ బట్టలకు 38. "బేటీ, ఈ పుస్తకం చూస్తే మొహల్లా మొత్తం ఇంతే" అన్నారు చిచ్చా. ఆయన మా అందరి నడుములనూ మూడు తరాలుగా చూస్తున్నారు. ఆ మాట తేలిగ్గా తీసుకోదగింది కాదు.

ఇప్పుడు నా బరువు 71 కిలోలు. 27 ఏళ్లలో 24 కిలోలు పెరిగాను. వింటే పెద్ద అంకె. నెలలతో భాగిస్తే మాత్రం నెలకు 75 గ్రాములకు లోపే. గుప్పెడు కందిపప్పు. రోజుకైతే రెండున్నర గ్రాములు కూడా కాదు. ఏ అద్దం దీన్ని చూపించదు. ఏ భర్తా, ఏ అత్తగారూ, ఏ ఇరుగుపొరుగూ ఒక నెల తేడాను కనిపెట్టలేరు. బరువు పెరగడంలో అసలు చిక్కు ఇదే. అది సంఘటనగా జరగదు కాబట్టి, జరిగిందని ఎవరికీ అనిపించదు.

హజ్ దరఖాస్తు పనిలో మావారికీ నాకూ రక్త పరీక్షలు చేయించినప్పుడు ఈ గుప్పెళ్ల మొత్తం కాగితం మీదికి వచ్చింది. పరగడుపున చక్కెర 114. హెచ్‌బీఏ1సీ 6.1. డాక్టరమ్మ "బార్డర్‌లో ఉంది" అన్నారు. మన ప్రాంతంలో దీనికి వాడుకలో ఉన్న పేరు అదే: బార్డర్ షుగర్. వైద్యులు ప్రీడయాబెటిస్ అంటారు; మధుమేహానికి ముందు దశ. పరగడుపున 100 నుంచి 125 మధ్య, గ్లూకోజు తాగిన రెండు గంటలకు 140 నుంచి 199 మధ్య, మూడు నెలల సగటును తెలిపే హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్య ఉంటే ఈ దశ. ప్రపంచ ఆరోగ్య సంస్థ పరగడుపు హద్దును 110 దగ్గర పెడుతుంది. ఎటు చూసినా నా 114 లోపలే పడింది.

బార్డర్ అనగానే మన మనసు ఇంకా ఇవతలే ఉన్నామని సర్దుకుంటుంది. లోపల జరిగేది వేరు. శరీరానికి మిగులు కొవ్వు దాచుకునే చోటు చర్మం కింద ఉంటుంది. అది మన గాదె. గాదె నిండిన తరువాత కూడా ధాన్యం వస్తూనే ఉంటే వసారాలో పోస్తాం, ఆ పైన నట్టింట్లో పోస్తాం. అలాగే ఆ కొవ్వు కడుపులోని అవయవాల చుట్టూ, కాలేయంలోకి, కండరాల్లోకి చేరుతుంది. కొవ్వు పట్టిన కాలేయం, కండరాలు ఇన్సులిన్ మాట వినడం తగ్గిస్తాయి. క్లోమగ్రంథి ఊరుకోదు, ఒకటి చాలని చోట రెండు, రెండు చాలని చోట మూడు పాళ్లు ఇన్సులిన్ తయారు చేసి చక్కెరను అదుపులో ఉంచుతుంది. ఇది ఏళ్ల తరబడి సాగుతుంది. ఆ కాలమంతా రక్త పరీక్ష బాగానే ఉంటుంది, మనిషీ బాగానే ఉంటాడు. గ్రంథి అలసిపోవడం మొదలైన తరువాతే చక్కెర అంకె కదులుతుంది. కాబట్టి బార్డర్ అన్నది ప్రయాణానికి మొదలు కాదు. చాలా దూరం నడిచిన తరువాత కనిపించిన మైలురాయి.

అందుకే ఈ విషయంలో నేటి బరువు ఒక్కటే చాలదు. ఎన్నేళ్లుగా, ఏ వయసు నుంచి పెరుగుతూ వచ్చిందన్నది కూడా లెక్కలోకి వస్తుంది. అమెరికాలో లక్షకు పైగా నర్సులను ఏళ్ల తరబడి గమనించి 1995లో ప్రకటించిన ఒక అధ్యయనంలో, పద్దెనిమిదేళ్ల వయసు నుంచి బరువు పెద్దగా మారనివారితో పోలిస్తే, 5 నుంచి 8 కిలోలు పెరిగినవారికే మధుమేహం ప్రమాదం దాదాపు రెండింతలు కనబడింది. 8 నుంచి 11 కిలోలు పెరిగినవారికి అది రెండున్నర రెట్లు దాటింది. వాళ్లేమీ స్థూలకాయులు కారు. మనవాళ్లయితే అంత పెరుగుదలను లెక్కలోకే తీసుకోరు.

పైగా మన గాదె చిన్నది. 2004లో లాన్సెట్ పత్రికలో ఇద్దరు వైద్య శాస్త్రవేత్తల ఫోటో అచ్చయింది. ఒకరు పుణేకు చెందిన యాజ్ఞిక్, మరొకరు లండన్‌కు చెందిన యుడ్కిన్. ఎత్తుకు తగిన బరువు లెక్క, అంటే బీఎంఐ, ఇద్దరికీ సమానమే: 22.3. కానీ శరీరంలో కొవ్వు యుడ్కిన్‌కు 9.1 శాతం, మన యాజ్ఞిక్‌కు 21.2 శాతం. చూడటానికి సన్నగా ఉండి లోపల కొవ్వు మోస్తున్న శరీరం మనది. ఈ కారణంగానే భారతీయులకు హద్దులు తగ్గించారు. బీఎంఐ 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం. నడుము చుట్టుకొలత మగవారికి 90 సెంటీమీటర్లు, ఆడవారికి 80. ఎనభై సెంటీమీటర్లంటే ముప్పై ఒకటిన్నర అంగుళాలు. దర్జీ చిచ్చా పుస్తకం ప్రకారం నేను ఆ గీత దాటింది 2006లో. చక్కెర అంకె కదిలే సరికి ఇంకో పందొమ్మిదేళ్లు పట్టింది.

ఇక భాయీజాన్ సంగతి. ఆయన నాకంటే మూడేళ్లు పెద్ద. నేను మొయినాబాద్‌కు కోడలిగా వచ్చాను. ఆయన చేవెళ్ల దగ్గరి మా ఊళ్లోనే రెండెకరాల మీద క్యారెట్, టమాటా, కొత్తిమీర పండించుకుంటూ ఉండిపోయారు. తెల్లవారుజామున ఫజర్ నమాజ్ అయ్యాక తోటలోకి వెళితే మళ్లీ జుహర్‌కే ఇంటికి రావడం. పగలు మూడు జొన్నరొట్టెలు, రాత్రి కాస్త అన్నం. నలభై మూడేళ్లు వచ్చేదాకా ఆయన 58 కిలోల మనిషి. నేను ఇద్దరు పిల్లల తరువాత 60 దాటినప్పుడు ఆయన పాత చొక్కాలే వేసుకునేవారు. ఒకే తల్లి బిడ్డలం, ఒకే దస్తర్‌ఖాన్ మీద పెరిగినవాళ్లం.

మా ఇద్దరి కథ లాంటిదాన్ని శాస్త్రజ్ఞులు పెద్దయెత్తున చూశారని ఆ తరువాత చదివి తెలుసుకున్నాను. హైదరాబాదు, బెంగళూరు, నాగపూర్, లక్నో నగరాల్లోని కర్మాగారాలకు పల్లెల నుంచి వచ్చి స్థిరపడినవారిని, ఇంకా పల్లెలోనే ఉన్న వారి తోబుట్టువులను పక్కపక్కన పెట్టి పోల్చిన అధ్యయనం అది. 2010లో ఫలితాలు వచ్చాయి. పల్లెలో ఉండిపోయిన మగవారిలో స్థూలకాయం 19 శాతం ఉంటే, నగరానికి వచ్చినవారిలో 37.8 శాతం. మధుమేహం పల్లెలో 6.2 శాతం, వలస వచ్చినవారిలో 14.3 శాతం. రక్తం ఒకటే, ఊరు మారింది, అంతే. అదే బృందం తరువాత ఇంకో సంగతి గమనించింది. నగరానికి వచ్చిన తొలి పదేళ్లలో ఒంటి కొవ్వు వేగంగా పెరుగుతుంది. రక్తపోటు, ఇన్సులిన్ వంటివి నెమ్మదిగా, ఏళ్ల మీద కదులుతాయి. ముందు కొవ్వు వస్తుంది. జబ్బు తీరిగ్గా వెనక వస్తుంది.

కానీ భాయీజాన్ ఇప్పుడు ఆ పల్లె వరుసలో లేరు. 2018లో పొలం అమ్మేశారు. ఆయన ఊరు విడిచి ఎక్కడికీ వెళ్లలేదు. నగరమే ఆయన గుమ్మం దాకా వచ్చింది. బాహ్యవలయ రహదారి దాటి ఇటు వచ్చేవారికి ఈ సంగతి నేను చెప్పనక్కర్లేదు. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల రక్షణ కోసం 1996లో తెచ్చిన 111 జీవో 84 గ్రామాల మీద ఆంక్షలు పెట్టినా, మొయినాబాద్ దారి వెంట ఫామ్‌హౌసులు, ఫంక్షన్ హాళ్లు లేచాయి. ఇంకాస్త ముందుకు పోతే చేవెళ్ల చుట్టూ వెంచర్ల జెండాలు. క్యారెట్లు పండిన నేలలో ఇప్పుడు హద్దురాళ్లు ఉన్నాయి. పొలం పోయిన రైతు ఒక మోటారు సైకిల్ కొంటాడు, హోటల్ దగ్గర నలుగురితో కూర్చుంటాడు, ప్లాట్ల బేరాలు చూస్తాడు. రోజుకు ఆరు చాయలు. ఒక్కో చాయలో రెండు చెంచాల చక్కెర. చేతిలో డబ్బు ఉంది కాబట్టి వారానికి మూడు రోజులు మాంసం, రోజూ అన్నం. ఏడేళ్లలో భాయీజాన్ 58 నుంచి 73కు చేరారు. నేను ఇరవై ఏళ్లలో చేసిన పనిని ఆయన ఏడేళ్లలో పూర్తిచేశారు. పరగడుపు చక్కెర 118. "ఊళ్లో గాలి, ఊళ్లో నీళ్లు, నాకెందుకు వస్తుంది షుగరు?" అని అడిగారు. గాలీ నీళ్లూ అవే. తోట లేదు.

జొన్నల గురించి ఒక మాట. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిన తరువాత మా ప్రాంతంలో జొన్నరొట్టె మెల్లగా వెనక్కి పోయింది. పేదవాడి ఇంట్లో తెల్లన్నం వండుకోగలగడం గొప్ప సంగతే. మా అమ్మీ ఇప్పటికీ ఆ రోజులు చెబుతూ కళ్లు తుడుచుకుంటారు. ఇప్పుడు చేవెళ్ల రోడ్డు మీద వేడివేడి జొన్నరొట్టెలు అమ్మే బండ్లు మళ్లీ వెలిశాయి. మంచిదే. కానీ జొన్న అనగానే అది మందనుకునేవారు పెరిగారు. జొన్న కూడా పిండిపదార్థమే. అన్నం కంటే కాస్త ఆలస్యంగా కడుపు ఖాళీ అవుతుంది, పీచు ఎక్కువ. ఆ పైన అయిదు రొట్టెలు తింటే అయిదు రొట్టెలే. మా నాన్నగారి తరం జొన్న తిన్నందుకు మాత్రమే సన్నగా లేదు. జొన్న తిని పన్నెండు గంటలు మట్టి తవ్వినందుకు సన్నగా ఉంది. కలోంజీ, తేనె, ఖర్జూరం విషయంలోనూ నా అభిప్రాయం ఇదే. సున్నత్‌గా ఖర్జూరంతో ఇఫ్తార్ చేయడం వేరు, సున్నత్ పేరు చెప్పి పది ఖర్జూరాలు తినడం వేరు. వాట్సాప్‌లో వచ్చే కలోంజీ కషాయాలు రక్త పరీక్షకు బదులు కావు.

కడుపులో మూడో వంతు అన్నానికి, మూడో వంతు నీటికి, మూడో వంతు ఊపిరికి వదలమన్న దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) బోధ మిఖ్దామ్ బిన్ మాదీకరిబ్ (రజి) ద్వారా తిర్మిజీ గ్రంథంలో మనకు చేరింది. ఈ హదీసు తెలియని ముస్లిం ఇల్లు ఉండదనుకుంటాను. జుమా ఖుత్బాలో విన్నాం, పిల్లలకు మక్తబ్‌లో కంఠస్థం చేయించాం. అదే మనం వలీమాకు వెళితే చూడండి. రజబ్, షాబాన్ నెలల్లో మా ఇంటికి తొమ్మిది ఆహ్వానాలు వచ్చాయి. మరగ్, బిర్యానీ, తలావా గోష్త్, ఆ పైన డబుల్ కా మీఠా, ఖుబానీ కా మీఠా. పెట్టేవారు ప్రేమతో పెడతారు. ప్లేటు ఖాళీ కనబడితే అతిథిని అవమానించినట్లు భావించి మళ్లీ వడ్డిస్తారు. ఈ ప్రేమకు అడ్డు చెప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు. వడ్డించే చేయిని ఆపి "చాలు ఆపా" అంటే "డైటింగా?" అని నవ్వుతారు. రమజాన్‌లో ఒకటి రెండు కిలోలు తగ్గినా, సాధారణంగా కొన్ని వారాల్లోనే అవి తిరిగి వచ్చేస్తాయి. షవ్వాల్ నెల సేమియాలకు ఆ శక్తి ఉంది!

దేశం మొత్తం లెక్క చూస్తే మన మొహల్లా ప్రత్యేకమేమీ కాదు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో లక్షా పదమూడు వేల మందిని పరీక్షించి 2023లో ప్రకటించిన సర్వే ప్రకారం దేశంలో మధుమేహులు 10 కోట్ల 10 లక్షల మంది. బార్డర్‌లో ఉన్నవారు 13 కోట్ల 60 లక్షలు. పొట్ట భాగంలో కొవ్వు పేరుకున్నవారు నూటికి దాదాపు నలభై మంది.

బార్డర్‌లో ఉన్నవారంతా అవతలికి వెళతారా అంటే, వెళ్లరు. అయితే మనవాళ్లు తొందరగా వెళతారు. చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ బృందం 531 మందితో చేసి 2006లో ప్రకటించిన అధ్యయనంలో, మామూలు సలహా తప్ప ఏమీ అందనివారిలో మూడేళ్లకు నూటికి 55 మందికి మధుమేహం వచ్చేసింది. అమెరికాలో ఇలాంటి అధ్యయనంలోనే ఆ అంకె 29. చెన్నైలో నడకా తిండీ సరిదిద్దుకున్నవారిలో అది 39కి తగ్గింది. నన్ను ఆలోచింపజేసిన విషయం ఏమిటంటే, చెన్నైలో ఆ సరిదిద్దుకున్నవారి బరువు చెప్పుకోదగ్గంత తగ్గనే లేదు. అయినా ప్రమాదం తగ్గింది. కాటా మీద ముల్లు కదలకపోయినా కండరం కదిలితే ఇన్సులిన్ మాట వింటుందన్నమాట. బరువు కూడా తగ్గితే ఫలితం ఇంకా పెద్దది. అమెరికాలో 3,234 మందితో జరిగి 2002లో వెలువడిన అధ్యయనంలో, ఒంటి బరువులో 7 శాతం తగ్గాలని, వారానికి 150 నిమిషాలు నడవాలని లక్ష్యం పెట్టుకున్నవారికి ప్రమాదం 58 శాతం తగ్గింది. మెట్‌ఫార్మిన్ మాత్ర వేసుకున్నవారికి తగ్గింది 31 శాతమే. చైనాలోని దాచింగ్ నగరంలో 1986లో మొదలుపెట్టి ఆరేళ్లు ఇలాంటి మార్పులు చేయించినవారిని ముప్పై ఏళ్ల తరువాత చూస్తే, మధుమేహం సగటున దాదాపు నాలుగేళ్లు ఆలస్యంగా వచ్చింది, మరణాలూ తగ్గాయి. నా 71 కిలోలలో ఏడు శాతమంటే అయిదు కిలోలు. ఇరవై ఏళ్లనాటి 47కు తిరిగి వెళ్లమని ఎవరూ అడగడం లేదు.

నడవడానికి చోటేది అన్నది వేరే సమస్య. చేవెళ్ల దారిలో ఇరువైపులా వందలాది పాత మర్రిచెట్లు గొడుగుల్లా నిలిచి ఉన్నాయి. వాటిని నరకవద్దని ఏళ్ల తరబడి పోరాటం జరిగింది. నా చిన్నతనంలో వాటి నీడనే బడికి నడిచాం. ఇప్పుడు ఆ రోడ్డు మీద టిప్పర్ల మధ్య బుర్ఖా వేసుకున్న ఆడది పొద్దున్నే నడవాలంటే ప్రాణం అరచేతిలో పెట్టుకోవాలి. చిలుకూరులో మృగవని జాతీయ ఉద్యానవనం ఉంది. వెళ్లాలంటే బండి కావాలి, తీసుకెళ్లే మనిషి కావాలి. చివరికి మా తోడికోడలూ నేనూ మేడ మీదికి ఎక్కాం. ఫజర్ తరువాత అరగంట, ట్యాంకు దగ్గర నుంచి బట్టల తీగ దాకా, తీగ నుంచి ట్యాంకు దాకా. ఎనిమిది నెలల్లో నాకు నాలుగు కిలోలు తగ్గాయి, అల్‌హందులిల్లాహ్. తోడికోడలికి ఒక్కటే తగ్గింది. ఆమె అలిగి వారం రోజులు రాలేదు. చెన్నై సంగతి చెప్పి మళ్లీ మెట్లెక్కించాను.

ఇంతవరకు రాసింది నా గురించి. ఇది రాయడానికి అసలు కారణం మా అమ్మాయి.

2023లో నికాహ్ నాటికి దాని బరువు 61 కిలోలు. దాదాపు అదే వయసులో నేను 50. నేను పదిహేనేళ్లు మెట్లెక్కి చేరిన చోట అది మొదలుపెట్టింది. ఇంటర్‌మీడియట్ రెండేళ్లు హాస్టల్‌లో కుర్చీ మీద గడిపిన పిల్లలు వీళ్లు. ఆటస్థలం లేని కాలేజీలో చదివారు. గర్భం వచ్చిన ఆరో నెలలో 75 గ్రాముల గ్లూకోజు తాగించి రెండు గంటలకు చూస్తే 152. మన దేశంలో గర్భిణులకు 140 హద్దు. గర్భధారణ మధుమేహం అన్నారు. కాన్పు తరువాత అది చాలామందికి తగ్గిపోతుంది. కానీ ఒకసారి వచ్చి వెళ్లిన తల్లికి తరువాతి జీవితంలో మధుమేహం వచ్చే అవకాశం, రానివారికంటే ఏడు రెట్లకు పైగా ఉంటుంది. కడుపులోని బిడ్డ కూడా తల్లి రక్తంలోని ఆ చక్కెరలోనే పెరుగుతుంది. పెద్దయ్యాక దానికీ బరువు, చక్కెర ముప్పు ఎక్కువే.

వియ్యపురాలు చేవెళ్లలో ఉంటారు, మంచి మనిషి. కోడలిని కూతురికంటే ఎక్కువగా చూసుకుంటారు. ఆమె ప్రేమ మొత్తం గిన్నెల్లో ఉంటుంది. పొద్దున నెయ్యి పోసిన షీర్‌మాల్, పది గంటలకు బాదం పాలు, సాయంత్రం షర్బత్. "ఇద్దరి కోసం తినాలి బేటీ." నేను విషయం చెప్పడానికి వెళ్లినప్పుడు ఆమె ముఖం చిన్నబోయింది.

"ఆపా, మా ఇంట్లో పిల్లకు తిండి ఎక్కువైందని అంటున్నారా?"

"లేదు ఆపా. మీరు పెట్టింది తక్కువైతే నేనే అడిగేదాన్ని. రెండో ప్రాణం కోసం రోజుకు రెండు రొట్టెలకు మించి అక్కర్లేదట. మిగిలినది దాని రక్తంలోకి పోతోంది."

"పిల్ల సన్నబడితే లోకం ఏమంటుంది? అత్త కడుపు మాడ్చిందని అనదా?"

ఈ ప్రశ్నకు నా దగ్గర అంకె లేదు. లోకం అంటుంది, నిజమే. కాసేపు ఇద్దరం మాట్లాడుకోలేదు. మా వియ్యంకులకు పదేళ్లుగా షుగరు. రెండేళ్ల క్రితం కాలి వేలు తీసేశారు. ఆ ఇంట్లో ఇన్సులిన్ సూదులు ఫ్రిజ్‌లో గుడ్ల పక్కన ఉంటాయి. ఆమె లేచి వంటింట్లోకి వెళ్లి చాయ తెచ్చారు. నా చాయలో చక్కెర లేదు. తన దాంట్లోనూ వేసుకోలేదని తాగుతుంటే గమనించాను. మరుసటి రోజు నుంచి షర్బత్ ఆగింది. భోజనం అయ్యాక కోడలిని వెంటబెట్టుకొని పెరట్లో పది నిమిషాలు తిప్పేవారట. ఎవరైనా అడిగితే "డాక్టరమ్మ హుకుం" అని చెప్పేవారట. నా పేరు, తన పేరు రానీయకుండా డాక్టరమ్మ మీద పెట్టడం ఆమె తెలివి. మందు లేకుండానే చక్కెర అదుపులోకి వచ్చింది.

తొలికాన్పు మా ఇంట్లో. మగబిడ్డ, 2.9 కిలోలు. ఇప్పుడు మాకు చిల్లా నడుస్తోంది. నలభై రోజుల బాలింత ఇంట్లో ఉన్నప్పుడు మా అమ్మీ మాటే చట్టం. డెబ్బై అయిదేళ్ల మనిషి ఊరి నుంచి వచ్చేటప్పుడు డబ్బా నిండా గోంద్ లడ్డూలు, అయిదు కిలోల నెయ్యి తెచ్చారు. "బాలింతకు నెయ్యి లేకపోతే నడుము నిలవదు. మీ డాక్టర్లకు కాన్పులు చేయడం వచ్చు, బాలింతను చూడటం రాదు" అంటారు. ఆమెతో నేను వాదించలేదు. లడ్డూలు చిన్నవి చేయించాను. రోజుకు ఒకటి, అది కూడా పాలిచ్చిన తరువాత. మిగిలినవి మా చిన్నవాడు, వాడి స్నేహితులు తినేస్తున్నారు. అమ్మీకి డబ్బా ఖాళీ అవుతున్నందుకు సంతోషంగా ఉంది.

కాన్పయిన ఆరు వారాలకు మళ్లీ గ్లూకోజు పరీక్ష చేయాలి. చాలామంది ఈ పరీక్షకు వెళ్లనే వెళ్లరు. బిడ్డ చేతికొచ్చాక తల్లి రక్తం ఎవరికి గుర్తుంటుంది? లెక్క చూస్తే చిల్లా స్నానం నలభయ్యో రోజు, పరీక్ష నలభై రెండో రోజు. మధ్యలో ఒక్క రోజు. స్నానం రోజున రెండు వైపుల బంధువులు, దావత్ ఎలాగూ ఉంటుంది. నిన్న రాత్రి వియ్యపురాలు ఫోన్ చేశారు. చిల్లా బట్టలు ఏ రంగువి కొనాలని అడిగి, పిల్లవాడి దగ్గు గురించి అడిగి, ఫోన్ పెట్టేసే ముందు ఆగి, "పరీక్షకు పిల్లను ఖాళీ కడుపుతోనే తీసుకురావాలి కదా ఆపా? ఆసుపత్రికి నేనూ వస్తాను. నన్నూ ఒకసారి చూపించుకుంటాను" అన్నారు.